ఎర్రగట్టుకి పంపిన కూడు

తెల్లారగట్ల జీవరత్నం తాటిదోనె తోసుకుని తుంగ కోతకి వెళ్ళేది. ఎండెక్కేసరికి మోపులతో తిరిగొచ్చి, గట్టు మీద తుంగ ఆరబోసి, గంజి తాగి, ముందే ఆరినదాన్ని చీల్చుకుని చాప ముందు కూర్చునేది. తుంగలంక పేటలో ఆడవాళ్ళందరి పనీ అదే. కొల్లేరు నిండితే గుడిసెల్లోకి నీళ్ళొచ్చేవి, తీస్తే బురద మిగిలేది. ఏ కాలమైనా తుంగ మాత్రం పెరుగుతూనే ఉండేది, వీళ్ళు నేస్తూనే ఉండేవాళ్ళు. జీవరత్నం నేసిన చాప మీద నీళ్ళు పోస్తే కిందికి దిగవని ఏలూరు బజార్లో చెప్పుకునేవారు. ఆ మాటంటే ఆవిడకి లోపల ఇష్టమే. పైకి మాత్రం, "పోసి చూశారా ఏంటండీ?" అని కసిరేది.

భర్త దానియేలు పోయి చాలా ఏళ్ళయింది. పిల్లల్లేరు. పేటలో ఎవరింట్లో పురుడొచ్చినా, ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆవిడకే కబురెళ్ళేది. నోరు కాస్త గట్టిది గానీ చెయ్యి పెద్దదని అందరూ అనేవారు.

ఆ పేటలో ఒకరి కూడు ఒకరికి పంపుకోవడం మామూలు పని. అన్నం వండి కంచంలో వడ్డించుకుని, ముందు కూర్చుని, ఎవరికి వెళ్ళాలో వాళ్ళ పేరు చెప్పి, ముద్ద ముట్టకుండా లేచిపోవాలి. అంతే. ఆ పేరు గల మనిషి ఎక్కడున్నా కడుపు నిండిపోయేది. గాలి తిరిగి కొల్లేటి నడుమ చిక్కుకుపోయిన మగవాళ్ళకి పెళ్ళాలు అలాగే పంపేవాళ్ళు. ఏలూరు ఆస్పత్రిలో ఉన్న అత్తకి కోడలు పంపేది. వండింది ఏదైతే ఆ రుచే అక్కడ నోటికి తగిలేది, వెనకాలే తేన్పు కూడా వచ్చేది. ఇక్కడ కంచంలో మిగిలిన మెతుకులు చూడ్డానికి అన్నంలాగే ఉండేవి గానీ వాటిలో సారం ఉండేది కాదు. బాతులకి వేస్తే తినేవి, బలిసేవి కావు.

చిక్కల్లా ఒక్కటే. పంపేది మనసారా పంపాలి. లోపల కక్ష పెట్టుకునో, నలుగురూ చూస్తున్నారనో లేచిపోతే ఆ కూడు దారిలో ఎక్కడో పడిపోయేది. అప్పుడు పంపినవాళ్ళూ పస్తే, అక్కడివాళ్ళూ పస్తే.

పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగో సంవత్సరం, మార్గశిర మాసం. ఒక మధ్యాహ్నం చాంద్ బాషా చాపల కోసం వచ్చాడు. ఏలూరులో ఆయనకి చిన్న చాపల కొట్టు ఉంది. లంకల్లో కొన్న సరుకు కాలవ పడవ మీద తాడేపల్లిగూడెం దాకా తీసుకెళ్ళి సంతలో అమ్మేవాడు. ఆ దారిలో ఊళ్ళ కబుర్లన్నీ ఆయన దగ్గరుండేవి. ఆ రోజు చాపల అంచులు తడిమి చూడకుండానే జీవరత్నం గుమ్మం ముందు కూలబడ్డాడు.

"పెంటపాడు అవతల ఎర్రగట్టు అని ఒక ఊరుందమ్మా. అక్కడి పేటవాళ్ళు కూడా మీలాగే కొత్తగా కిరస్తానీ సంఘం కట్టుకున్నవాళ్ళు. ఆకలికి మాడిపోతున్నారు," అన్నాడు.

"ఏమైందండీ సాయిబుగారూ?"

"పంతం. ఆదివారం పొద్దున్న గుడికి వెళ్ళొచ్చాకే పొలానికొస్తామన్నారు. పిల్లల్ని వెట్టికి పంపం అన్నారు. నరసరాజుగారని అక్కడ పెద్ద ఆసామి. కుదరదు పొమ్మన్నాడు. అయితే కోతకి రామని వీళ్ళు కూర్చున్నారు. దాంతో ఆయన కొట్లో సరుకివ్వొద్దని చెప్పించి, పేట చుట్టూ గట్ల మీద మనుషుల్ని పెట్టించాడు. లోపలికి గింజ పోవడానికి లేదు. నా చాపల కట్ట కూడా విప్పి చూశారు, మధ్యలో బియ్యం దాచానేమోనని."

"బయటి కూలీల్ని తెచ్చుకోడేం మరి?"

"ఎక్కడ దొరుకుతారు? ఊరూరా కోతలు ఒక్కసారే వచ్చిపడ్డాయి. వరి పండి ఒరిగిపోతోంది. ఆయనేమో వీళ్ళ కడుపులు ఎప్పుడు లొంగుతాయా అని చూస్తున్నాడు. వీళ్ళేమో ఆ చేను ఎప్పుడు రాలుతుందా అని చూస్తున్నారు." చాంద్ బాషా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "అందరికీ ముందు నిలబడ్డది ఒకప్పటి మీ లంక మనిషేనంట. బాలస్వామి అంటున్నారు."

జీవరత్నం చేతిలో తుంగ ఆగిపోయింది. ఇంకేమీ అడక్కుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

బాలస్వామి ఆవిడకి బావగారు, దానియేలుకి సొంత అన్న. వెనకటి రోజుల్లో అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక్కటే దోనె ఉండేది. ఒక వరదలో దానియేలు జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడున్నాడు. ఏలూరు తీసుకెళితే బతికేవాడే. జీవరత్నం ఆయన్ని దుప్పట్లో చుట్టి, ఇద్దరి సాయంతో రేవుకి మోయించుకొచ్చింది. రేవులో దోనె లేదు. బాలస్వామి తన బియ్యం బస్తాలు వేసుకుని మెరకకి వెళ్ళిపోయాడు. ఆయన తిరిగొచ్చేసరికి దానియేలు లేడు. తర్వాత లంకలో బాలస్వామి మొహం చూసినవాళ్ళు లేరు. ఎవరికీ చెప్పకుండా ఊరొదిలి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం గుడిలో మత్తయి పంతులుగారు ఎర్రగట్టు సంగతి చెప్పారు. తుంగలంకలో పిల్లలకి చదువు చెప్పేదీ, ఆదివారం వాక్యం చెప్పేదీ ఆయనే. గుడి అంటే నాలుగు పక్కలా కిక్కిస గడ్డి దడి, పైన తాటాకు. ఆయన మెత్తటి మనిషి, అడగడం చేతకానివాడు.

"ఈ ఏడు మనకే వరద వచ్చింది. నేసిన చాపలు సగం కుళ్ళిపోయాయి. మీ ఇళ్ళల్లో ఏముందో నాకు తెలుసు. అందుకని మిమ్మల్ని ఏమీ అడగను. వాళ్ళ కోసం ప్రార్థన చేద్దాం," అన్నారు.

అందరూ కళ్ళు మూసుకోబోతుంటే జీవరత్నం లేచి నిలబడింది.

"పంతులుగారూ, మేం ఇవ్వలేమని మీతో ఎవరు చెప్పారండీ?"

ఆయన తడబడ్డారు. "అది కాదమ్మా..."

"మన కోసం ఎక్కడెక్కడివాళ్ళో ఇస్తేనే ఈ గుడి లేచింది. మనం పుచ్చుకోవడమేగానీ పెట్టడం ఎప్పుడు? రాత్రి కూడు మానేద్దాం. ఒక పూట మనకి, ఒక పూట ఎర్రగట్టుకి."

"చాలామందికి ఉన్నదే ఒక పూట."

"ఆ ఒక్క పూటే ఉన్నవాళ్ళు రోజు విడిచి రోజు మానేస్తారు. చంటిబిడ్డల తల్లులు వద్దు, పిల్లలొద్దు. మిగతా వాళ్ళం మానేద్దాం. ఏమంటారు?" అని వెనక్కి తిరిగింది.

ఎవరూ మొహాలు తిప్పుకోలేదు. ముసలివాళ్ళు కూడా చేతులెత్తారు. మాకూ చోటివ్వమని చంటిబిడ్డల తల్లులు గొడవ పెట్టారు. ఇంతమంది ఇంత పట్టుబడతారని పంతులుగారు అనుకోలేదు. మరి పేర్లు తెలియాలి కదా. గుడి చూరు కింద కూర్చున్న చాంద్ బాషాని లోపలికి పిలిచారు. ఎర్రగట్టు పేటలో గుమ్మం గుమ్మానికీ చాపలు అమ్మినవాడు కనక ఆయనకి అందరి పేర్లూ వచ్చు. ఒక్కొక్క పేరే చెబుతుంటే, "ఆ పిల్ల నాకు", "ఆ ముసలాయన మాకు" అని పంచుకున్నారు.

చివరికి మిగిలింది ఒక్క పేరు.

"బాలస్వామి," అన్నాడు చాంద్ బాషా మళ్ళీ.

అందరూ నేల చూపులు చూశారు. జీవరత్నం మొహం చూడాలంటే ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆవిడ ఇంకా నిలబడే ఉంది. అప్పటిదాకా ఆవిడ ఒక్క పేరూ తీసుకోలేదు.

"నేను పెడతాను," అంది.

"జీవరత్నమ్మా, ఇంకెవరైనా..." అన్నారు పంతులుగారు.

"మొదలెట్టింది నేను కదండీ. అందరినీ లేపి నేను కూర్చుంటే ఏం బావుంటుంది? నేనే పెడతాను."

ఆ సాయంత్రం నుంచి తుంగలంక పేటలో ప్రతి గుడిసెలో పొయ్యి వెలిగేది, కంచాల్లో అన్నం పడేది, పేర్లు వినపడేవి, మనుషులు లేచిపోయేవాళ్ళు. పెద్దవాళ్ళు ఆకలి తెలియకుండా చీకటిపడేదాకా పాటలు పాడుకునేవారు. జీవరత్నం కూడా అన్నం వడ్డించుకుని, ఎండు చేపల ఇగురు పక్కన వేసుకుని, "బాలస్వామికి," అని లేచిపోయేది. ఆ మాట పళ్ళ బిగువున వచ్చేది. పొద్దున్న దోనెలో కూర్చుంటే నీళ్ళు గుండ్రంగా తిరుగుతున్నట్టు కనపడేవి. అయినా ఒక్క పూట తప్పించలేదు. ఇస్తానన్నది ఇస్తున్నాను, నన్ను ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు అనుకునేది.

చాంద్ బాషా మళ్ళీ వచ్చినప్పుడు ముందు గుడి దగ్గరే ఆగాడు. జనం మూగారు.

"అబ్బో, మీరు చూడాలి! గట్ల మీద కాపలా వాళ్ళకి మతి పోతోంది. లోపలికి గింజ పోలేదు, పొయ్యి వెలగలేదు, పేటంతా తేన్పులు. పిల్లలైతే ఇవాళ నాకు కొరమీను వచ్చింది, నాకు చేదుపరిగె వచ్చిందని పోట్లాడుకుంటున్నారు. మెరక పిల్లలకి కొల్లేటి చేపల పేర్లన్నీ వచ్చేశాయి."

అందరూ నవ్వారు. ఆకలితో గుంటలు పడ్డ బుగ్గలతో నవ్వారు. ఆయన మాత్రం జీవరత్నం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఒక్కాయనకే అందట్లేదమ్మా."

ఎవరికని ఆవిడ అడగలేదు. ఇన్ని పూటలు కడుపు మాడ్చుకున్నది ఏమైపోయింది? ఏ గట్టు మీద ఒలికిపోయింది? మత్తయి పంతులుగారు దగ్గరికొచ్చి, "ఇంకెవరికైనా అప్పగిద్దామమ్మా. ఇందులో తప్పు లేదు," అన్నారు.

"వద్దండీ. నేను వెళ్ళి చూసొస్తాను."

"చూసి ఏం చేస్తావు?"

"ఏమో. ఇక్కడ కూర్చుంటే తేలేది కాదు."

మర్నాడు చాంద్ బాషాతో కలిసి బయల్దేరింది. దోనెలో మెరకకి చేరి, ఏలూరు దాకా నడిచి, అక్కడ కాలవ పడవ ఎక్కారు. పడవలో ధాన్యం బస్తాల మీద కూర్చుని ఒడ్డున పోతున్న చేలని చూసింది. ఎక్కడ చూసినా కోతలే. ఆడవాళ్ళ పాటలు నీళ్ళ మీదుగా వినపడుతున్నాయి. తాడేపల్లిగూడెంలో దిగాక ఆయన సంతకి వెళుతూ ఎర్రగట్టు దారి చూపించాడు. ఆవిడ పెంటపాడు మీదుగా ఒక్కతే నడిచింది. ఎర్రగట్టు పొలిమేరలో ఇద్దరు మనుషులు ఆపి, చేతుల్లో ఏముందో చూపించమన్నారు. రెండు చేతులూ చాపింది. ఖాళీ చేతులు చూసి పొమ్మన్నారు.

పేటలో మొదటి గుడిసెలో విక్టోరియా అనే పడుచు పిల్ల ఎదురొచ్చింది. ఎవరో, ఎక్కడి నుంచో తెలిశాక ఆ పిల్ల జీవరత్నం రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"మీ ఊళ్ళో నా పేరు చెప్పేది ఎవరత్తా? రోజూ చింతకాయ పచ్చడే పంపుతోంది. నాకిప్పుడు నెల తప్పింది. ఎలా తెలిసిందో ఏమో."

జీవరత్నం నవ్వింది. వెంటనే అడిగింది. "బాలస్వామిగారు ఎక్కడుంటారు?"

విక్టోరియా మొహం మారిపోయింది. "చివరి గుడిసె. ఆయన సంగతి మాకు మొన్ననే తెలిసింది. అందరితోపాటు ఆయన కూడా తేన్చేవాడత్తా. ఇవాళ వాలుగ పులుసండీ, ఇవాళ ఇంకోటండీ అనేవాడు. అన్నీ దొంగ తేన్పులే. కాలవ దగ్గర తూలి పడిపోతే పట్టుకున్నాం. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. తనకి రావట్లేదని తెలిస్తే మేం ఎక్కడ జావకారిపోతామోనని దాచిపెట్టాడంట. మాకొచ్చింది పెడదామంటే అది కడుపులోకి వచ్చేదే గానీ కంచంలోకి వచ్చేది కాదు కదా?"

జీవరత్నం చివరి గుడిసెకి వెళ్ళింది. ఆయన వాకిట్లో గుంజకి ఆనుకుని కొడవలి నూరుకుంటున్నాడు. దారిలో వస్తున్నంత సేపూ ఆవిడ కళ్ళముందున్నది బస్తాల మీద కూర్చుని దోనె తోసుకుపోయే దిట్టమైన మనిషి. ఇక్కడున్నది నెరిసిన గడ్డం, లోపలికి పోయిన కళ్ళు. ఆవిడని చూడగానే లేవబోయి, మళ్ళీ అక్కడే చతికిలబడ్డాడు.

"నువ్వా అమ్మాయ్? ఇంత దూరం ఎందుకొచ్చావు?"

"నా కూడు ఎక్కడ పడిపోతోందో చూద్దామని వచ్చానండీ."

బాలస్వామి తల దించుకున్నాడు. "నీదేనని నాకు తెలుసులే. అందరికీ అంది నాకందకపోతే ఇంకెవరిదై ఉంటుంది? నువ్వు తిను. నా కోసం కడుపు మాడ్చుకోకు."

"అందరి ముందూ ఇస్తానన్నాను. ఎలా తింటాను?" ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది అడిగింది. "ఆ రోజు దోనె ఎందుకు తీసుకెళ్ళారు బావగారూ?"

"బియ్యం తడిసిపోతాయని."

"అంతేనా?"

"అంతే. ఒక్క గంటలో వచ్చేద్దామనుకున్నాను. గాలి తిరిగింది."

ఆవిడ ఇంకేదో ఉంటుందనుకుంది. ఆస్తి కోసమో, పాత పగ కోసమో, ఏదో ఒక పెద్ద కారణం ఉంటుందని ఇన్నేళ్ళూ దాని చుట్టూ తిరిగింది. బియ్యం తడిసిపోతాయని.

"ఆ బియ్యం ఏం చేశారు?"

"తినలేకపోయాను. ముక్కిపోతే నీళ్ళల్లో పోశాను."

ఆయన క్షమించమని అడగలేదు. ఆవిడ క్షమించానని అనలేదు. తర్వాత ఆవిడే, "ఆ కొడవలి ఇటివ్వండి," అని తీసుకుని నూరింది. కోతకి వెళ్ళనన్నవాడు కొడవలి ఎందుకు నూరుకుంటున్నాడని అడిగితే, "వెళ్ళాల్సి వచ్చిన రోజున మొండి కొడవలితో వెళ్ళకూడదు కదా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచే ఆకాశం మబ్బు పట్టింది. వాన పడితే ఒరిగిన చేనంతా నీళ్ళపాలవుతుంది. నరసరాజుగారు బండి కట్టించుకుని స్వయంగా పేట గట్టు మీదికి వచ్చారు. వెనక వంటవాడు గంగాళాలు దింపాడు. పప్పు పోపు వాసన పేటంతా కమ్ముకుంది. జనం గుడిసెల్లోంచి బయటికొచ్చి నిలబడ్డారు.

రాజుగారు గట్టిగా మాట్లాడే మనిషి కారు. "బాలస్వామీ, ఇలా రా," అన్నారు నెమ్మదిగా. "పేటవాళ్ళందరూ ఏం తింటున్నారో నాకు తెలీదు. నువ్వు తినట్లేదని మాత్రం తెలుసు. మా వాళ్ళు కాలవ దగ్గర చూశారు. నువ్వు చచ్చిపోతే నాకేం సుఖం? కూర్చో. కడుపునిండా తిను. తిని, కొడవలి పట్టుకుని నా చేలో దిగు. నువ్వు దిగితే అందరూ దిగుతారు."

అరిటాకు పరిచారు. వేడన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, నెయ్యి. బాలస్వామి ఆ ఆకు ముందు నిలబడలేక కూలబడ్డాడు. కుడి చెయ్యి దానంతట అదే ఆకు వైపు జరిగింది. ఎడం చేత్తో దాన్ని పట్టి వెనక్కి లాక్కున్నాడు. పేటంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

రాజుగారి చూపు గుంపులో కొత్త మనిషి మీద పడింది. "ఎవరమ్మా నువ్వు? ఈ ఊరిదానివి కాదే. నీకూ మాకూ ఏ తగువూ లేదు. నువ్వూ కూర్చో. చూడబోతే చాలా రోజులుగా తిన్నట్టు లేవు."

వంటవాడు ఇంకో ఆకు వేసి వడ్డించాడు. జీవరత్నం వచ్చి ఆకు ముందు కూర్చుంది. నెయ్యి కరిగి పప్పులోకి జారుతోంది. అలాంటి అన్నం ఆవిడ జన్మలో చూడలేదు. నోట్లో నీళ్ళూరాయి. తల తిప్పి బాలస్వామిని చూసింది. ఆయన తన చేతిని తనే పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, దవడలు బిగించి కూర్చున్నాడు. చచ్చిపోయినా లొంగకూడదని కూర్చున్న మనిషి. ఆవిడకి ఒక్కటే అనిపించింది. ఈ మనిషి ఇక్కడ కూలిపోకూడదు. ఈయన లేచి నిలబడాలి. ఈ కడుపు నిండాలి, ఇప్పుడే నిండాలి. దానియేలు గుర్తుకు రాలేదు, దోనె గుర్తుకు రాలేదు. సంఘంలో ఇచ్చిన మాట కూడా గుర్తుకు రాలేదు. ఇంత గట్టిగా ఆవిడ తన కోసం కూడా ఏనాడూ ఏదీ కోరుకోలేదు.

"ఈ అన్నం మా బావగారు బాలస్వామిగారికి," అని లేచి నిలబడింది.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత బాలస్వామి దవడలు వదులయ్యాయి. కళ్ళు తెరిచాడు. పెదాలు ఒకసారి నాలుకతో తడుపుకున్నాడు. కడుపులోంచి పెద్ద తేన్పు ఒకటి వచ్చింది, గట్టు అవతల కొంగలు లేచి ఎగిరిపోయేంత పెద్దది. విక్టోరియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన ఒక చెయ్యి నేలకి ఆనించి, మెల్లగా, ఎవరి సాయమూ లేకుండా లేచాడు.

"దయచేసి ఏమీ అనుకోకండి రాజుగారూ. నాకు ఆకలి లేదండీ. ఇప్పుడే తిన్నాను," అన్నాడు. కాస్త ఆగి, "పప్పులో ఉప్పు మరిచిపోయారండీ," అన్నాడు.

రాజుగారు ఆకు వైపు చూశారు. ఒక్క మెతుకు కదల్లేదు. వంటవాడి వైపు చూశారు. వాడు గంగాళంలో గరిటె అంచు నాకి చూసి, మొహం వేలాడేసుకుని, "నిజమేనండీ, హడావిడిలో పడి వెయ్యలేదండీ," అన్నాడు.

నరసరాజుగారు గట్టు మీద నిలబడి పేటనీ, పేటకి అవతల ఒరిగిపోయిన తన చేలనీ, పైన మబ్బునీ చూశారు. తన వంటింటి అన్నమే వీళ్ళ కడుపులోకి పోతుంటే ఇంక కాపలా దేనికి పెట్టుకోవాలి? ఆయన తెలివైన మనిషి.

"ఆదివారం ఎన్నింటికి వస్తారు?" అని అడిగారు చివరికి.

"ప్రార్థన అయిపోగానే వస్తామండీ," అన్నాడు బాలస్వామి.

"పిల్లలు?"

"పిల్లలు రారండీ."

"నా పశువుల్ని ఎవరు కాస్తారు?"

"కూలిచ్చి ఎవర్నైనా పెద్దవాణ్ణి పెట్టుకోండి. మా వాళ్ళల్లోనే ఎవరైనా వస్తారు."

రాజుగారు బండెక్కారు. ఎక్కాక, వెనక్కి తిరక్కుండానే అన్నారు. "వానకి ముందు పెద్దమడి తెగాలి. ఇప్పుడే దిగండి. గట్ల మీదవాళ్ళని పొమ్మంటాను."

పేటలో ఎవరూ కేకలు వెయ్యలేదు, గంతులు వెయ్యలేదు. చూరుల్లో గుచ్చిన కొడవళ్ళు లాక్కుని చేలోకి పరిగెత్తారు. ఇక అన్నాలు తినమని తుంగలంకకి చెప్పడానికి ఒకతన్ని తాడేపల్లిగూడెం పంపారు, చాంద్ బాషా పడవెక్కే లోపల కలుసుకోమని. జీవరత్నం కూడా తిరిగి వెళ్ళిపోవాల్సిందే. కానీ పెద్దమడి చూశాక కాళ్ళు ఆ వైపుకే నడిచాయి. విక్టోరియా నెల తప్పిన మనిషి కదా, ఆ పిల్ల చేతిలో కొడవలి లాక్కుని, "నువ్వు పనలు కట్టు చాలు," అని వరుసలోకి దిగింది.

పక్క వరుస బాలస్వామిది. కడుపు నిండిందేగానీ, ఒంట్లో సత్తువ ఒక్క పూటలో రాదు కదా. నాలుగు గుప్పెళ్ళు కోసి నడుం పట్టుకునేవాడు. అందరూ ముందుకి వెళ్ళిపోతుంటే ఆయన వరుస ఒక్కటే వెనకబడి చేలో నాలికలాగా మిగిలిపోయింది. జీవరత్నం తన వరుస చివరిదాకా కోసి, తిరిగి చూసి, ఏమీ అనకుండా ఆయన వరుసలోకి అవతలి కొస నుంచి దిగింది. ఇద్దరూ ఎదురెదురుగా కోసుకుంటూ వచ్చారు.

మొదటి చినుకులు పడేసరికి పెద్దమడి పనలన్నీ గట్టెక్కాయి. బాలస్వామి కొడవలి కింద పడేసి, రొప్పుతూ గట్టు మీద కూలబడ్డాడు.

"ఇంక కూర్చో అమ్మాయ్. నువ్వు పొద్దున్నుంచీ ముద్ద ముట్టలేదు," అన్నాడు.

"మీరు కూర్చోండి బావగారూ," అంది జీవరత్నం, కొంగు బిగించుకుంటూ. "ఇంకో మడి ఉంది."